పాదాలు ముందే వచ్చాయి

తలుపు తీస్తూనే ఇర్యా అంది:
"బూట్లు విప్పకు. విప్పితే మిగలవు."

వంటింటికి అడ్డంగా చెక్క తడిక,
దాని వెనక అయిదు నోళ్ళు, ఒకటే అల్లరి.
నేలంతా పాత పేపర్లు.
గోధుమ ధర పడిపోయిందన్న వార్త మీద
ఎవరో అప్పుడే తమ అభిప్రాయం చెప్పి వెళ్ళారు.

మెడకో రంగు ఊలు దారం. పేర్లు లేవు.
"పేరు పెడితే పంపలేను" అందావిడ
ఎర్రదారాన్ని చంకలోంచి దించుతూ.
నలభై ఏడు కుక్కలు దాటిపోయిన గుమ్మం.
చెక్క మీద గోళ్ళ గీతలు చూస్తే నమ్మొచ్చు.

నేను చిన్నదాన్ని అడగడానికే వచ్చాను.
అద్దె ఇల్లు, రెండు గదులు.
పొద్దున ఒకసారి స్కూలు బస్సు నడపాలి,
మళ్ళీ మూడింటికి.
మధ్యలో ఆ ఆరు గంటలు ఏం చేస్తానో
దరఖాస్తులో రాయమన్నారు.
"కిటికీ" అని రాసి, కొట్టేశాను.

పసుపుదారం నా దాకా రాలేదు.
వస్తూ వస్తూ తన పాదాన్ని తానే తొక్కుకుని
బోర్లా పడింది. పడ్డచోటే
అందుకే బయల్దేరినట్టు పడుకుంది.

"దీని తండ్రి?"
"చూసినవాళ్ళు లేరు.
తల్లి మాత్రం ఉత్తరాన, రోడ్డు లేని ఊళ్ళో,
చెత్తదిబ్బ పక్కన మంచు తవ్వుకుని ఉంటే దొరికింది.
థండర్ బేకి విమానంలో దిగింది మహారాణి.
కొంత హస్కీ అంటారు, కొంత మాస్టిఫ్ అంటారు,
మిగతాది దాని ఇష్టం."

కాగితం మీద జాతి అన్నచోట "మిశ్రమం",
కింద "పెద్దది",
దాని ముందు పెన్సిలుతో ఇరికించి "చాలా".

"పెద్దదంటే ఎంత?"
ఇర్యా జవాబు చెప్పలేదు.
దాని ముందుకాలు పట్టి నా అరచేతిలో పెట్టింది.
అరచెయ్యి నిండిపోయింది.
"పాదాలు ముందే వచ్చాయి," అంది,
"ఒళ్ళు వెనక వస్తోంది. దారిలో ఉంది."

సంతకం చేశాను.
తల్లి పడుకున్న దుప్పటి ముక్క
సంచిలో పెట్టి ఇచ్చింది, ఉతకొద్దంది.
నెలనెలా బరువు రాసి పంపమంది.
గుమ్మం దాకా రాలేదు.
ట్రక్కు వెనక్కి తిప్పుతుంటే కిటికీలో
గిన్నె కడుగుతూ కనిపించింది,
కడిగిన గిన్నెనే.

రేవు దగ్గర రైలు గేటు పడింది. ధాన్యం బండి.
ముప్పై పెట్టెలు, అరవై, నూటపది...
పక్కన అది వణుకుతూ, ఏడుస్తూ, సీటంతా తడిపింది.
లోపల గోధుమో, బార్లీయో
అని పైకే అనుకున్నాను కాబోలు,
బార్లీ అనేసరికి ఏడుపు ఆగింది.
లేదా రైలు అయిపోయిందేమో.
పేరు మాత్రం అక్కడే ఖాయమైంది.

తర్వాత, గేరు మీదున్న నా మణికట్టుకి
గడ్డం ఆనించి నిద్రపోయింది.
మూడో గేరు వెయ్యాలంటే లేపాలి.
ఇంటిదాకా రెండో గేరులోనే వచ్చాను.
ఇంజను మొత్తుకుంటోంది, వెనక హారన్లు,
ఒక పక్కన సుపీరియర్ సరస్సు, దానికేం తొందర లేదు.
నలభైమంది పిల్లల్ని ఎక్కించుకున్న రోజున కూడా
అంత మెల్లగా నడిపి ఎరగను.

నవంబరులో తొమ్మిది కిలోలు.
డిసెంబరులో పదిహేడు, ఒక చెప్పు, సోఫాకున్న ఒక చెయ్యి.
జనవరిలో ఇరవై ఆరు. ఇంటి ఓనరు వచ్చి
ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.
ఆ ఆరు గంటలు ఇప్పుడు చాలడం లేదు.

తూకం మీద అది నిలబడదు.
అంచేత ఎత్తుకుని నేనే ఎక్కుతాను.
మోకాళ్ళు వణుకుతుంటే అంకె చూసి, దిగి,
అందులోంచి నన్ను తీసేస్తాను.
మిగిలింది రాసి పంపుతాను.

నిన్న ముప్పై నాలుగు అని రాసి
ఫొటో కూడా పెట్టాను.
రాత్రి ఇర్యా జవాబు:
"పాదాలు చూశాను.
ఇంకా దారిలోనే ఉంది."